సాయం ఉందని చెప్పడం వేరు, సాయం దాకా తీసుకెళ్లడం వేరు: కొత్త మెంటరు ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఈ విద్యాసంవత్సరమే అధ్యాపకుడిగా చేరారు, మొదటి సంవత్సరం విద్యార్థుల్లో కొందరికి మిమ్మల్ని మెంటరుగా వేశారు. వారిలో ఒక అబ్బాయి మొదటి సెమిస్టరు చక్కగా చదివి, రెండో సెమిస్టరులో తరగతులకు రావడం తగ్గించాడు. ఫీజు బకాయి ఉంది. మధ్యంతర పరీక్షల్లో రెండు సబ్జెక్టులు తప్పాడు. పిలిచి అడిగితే "ఏం లేదు సార్, బాగానే ఉన్నాను" అంటున్నాడు. మీకు కౌన్సెలింగులో శిక్షణ లేదు, డబ్బు సర్దే స్థోమత లేదు, అందువల్ల ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు.

బోధనతో పాటు విద్యార్థి సలహా విభాగంలోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా ముందు ఒక మాట చెబుతాను. శిక్షణ లేకపోవడం గానీ, డబ్బు లేకపోవడం గానీ ఈ పనికి పెద్ద అడ్డంకులు కావు. కౌన్సెలరు, స్కాలర్‌షిప్పుల వ్యవహారం చూసే ఉద్యోగి, ఫీజును వాయిదాల్లో కట్టడానికి అనుమతించే అధికారి, వెనకబడినవారికి పాఠం మళ్లీ చెప్పడానికి సిద్ధంగా ఉండే సీనియరు, వీరంతా దాదాపు ప్రతి కళాశాలలోనూ ఏదో ఒక రూపంలో ఉంటారు. అయినా కష్టంలో ఉన్న విద్యార్థి వారి గుమ్మం దాకా వెళ్లడు. ఎవరిని కలవాలో తెలియక ఆగిపోయేవారు కొందరు, తెలిసినా సిగ్గుతో ఆగిపోయేవారు కొందరు, ఒకసారి వెళ్లి "ఇంకో కాగితం తీసుకురా" అనిపించుకుని ఇక ఆ వైపు చూడనివారు మరికొందరు. ఉన్న సాయానికీ అది కావలసిన విద్యార్థికీ మధ్య ఉన్న ఈ కొద్దిపాటి దూరాన్ని దాటించడమే మెంటరు చేయవలసిన పని అని నా నమ్మకం.

దీనికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో ఎరిక్ బెటింజర్, ఆయన సహచరులు 2008లో ఒక ప్రయోగం మొదలుపెట్టి, 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆదాయపు పన్ను పత్రాలు నింపించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాలను వారు వేర్వేరు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి, పిల్లల కళాశాల చదువుకు ఎంత ఆర్థిక సహాయం రావచ్చో లెక్కగట్టి వివరాలు చేతిలో పెట్టి పంపారు. మరో వర్గానికి అక్కడికక్కడే, అప్పటికే తమ దగ్గర ఉన్న పన్ను వివరాలతో, సహాయ దరఖాస్తును నింపడంలో తోడ్పడ్డారు. ఏ వర్గానికీ అదనంగా డబ్బేమీ ఇవ్వలేదు. దరఖాస్తు నింపిపెట్టిన కుటుంబాల్లో, పాఠశాల చివరి ఏడాదిలో ఉన్న పిల్లలలో తరవాతి మూడేళ్లలో రెండేళ్ల కళాశాల చదువు పూర్తిచేసినవారు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందుకున్న కుటుంబాల్లో చెప్పుకోదగిన మార్పు రాలేదు. నోటీసు బోర్డు మీద వివరాలు అంటించి, ఇక తమ బాధ్యత తీరిందనుకునే కళాశాలలు ఈ ఫలితాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇక మీ విద్యార్థి సంగతికి వద్దాం. మీ ప్రశ్నలో మూడు సమస్యలు వరసగా ఉన్నాయి: హాజరు, ఫీజు, మార్కులు. ఇవి మూడూ విడివిడి సమస్యలని అనుకుంటే హాజరు గురించి ఒకరు మందలిస్తారు, ఫీజు గురించి ఇంకొకరు నోటీసు పంపిస్తారు, మార్కుల గురించి మూడో వ్యక్తి ఉపన్యాసం ఇస్తారు. ఆ అబ్బాయి మాత్రం ముగ్గురినీ తప్పించుకు తిరగడం నేర్చుకుంటాడు. చాలా సందర్భాల్లో ఇవి ఒకే చిక్కుముడి. ఇంటి దగ్గర సంపాదించే మనిషికి జబ్బు చేస్తుంది, ఫీజు వాయిదా తప్పుతుంది, విద్యార్థి సాయంత్రం పనిలో చేరతాడు, రాత్రి ఆలస్యంగా పడుకుని ఉదయం మొదటి తరగతికి రాలేకపోతాడు, రెండు వారాల పాఠాలు పోయాక మూడో వారం వచ్చినా ఏమీ అర్థం కాదు, అర్థం కాని చోట నలుగురి ముందు కూర్చోవడం అవమానంగా తోచి వచ్చే రోజు కూడా రావడం మానేస్తాడు. బయటికి మనకు కనిపించేది చివరి కొస. దాన్నే పట్టుకుని లాగితే ముడి ఇంకా బిగుసుకుంటుంది.

కాబట్టి అతన్ని మళ్లీ పిలిచే ముందు తేదీలు సేకరించండి. ఏ వారం నుంచి హాజరు తగ్గింది, ఏ సబ్జెక్టుల్లో తగ్గింది, రోజంతా రావడం లేదా, ఉదయం తరగతులకు మాత్రమే రావడం లేదా, ఫీజు గడువు ఏ తేదీన దాటింది, చివరిగా అప్పగించిన అసైన్‌మెంటు ఎప్పటిది, వీటిని ఒక కాగితం మీద కాలక్రమంలో రాసుకుంటే ముడి ఎటువైపు మొదలైందో కొంతవరకు కనిపిస్తుంది. ఉదయం తరగతులు మాత్రమే పోతున్నాయంటే రాత్రి పనో, నిద్ర పట్టకపోవడమో, దూర ప్రయాణమో కారణమై ఉండవచ్చు. ఒక్క సబ్జెక్టే పోతుంటే ఆ తరగతి గదిలో ఏదో జరిగి ఉండవచ్చు. అధ్యాపకుడి మాట నొప్పించిందేమో, తోటివారి వేధింపు ఉందేమో చూడాలి. అన్నీ ఒకే వారంలో కూలిపోతే ఇంట్లోనో, మనసులోనో పెద్ద దెబ్బ తగిలిందని అనుమానించాలి. ఇవి ఊహలే, తీర్పులు కావు. అయినా ఊహ ఉన్నవాడు అడిగే ప్రశ్నకూ, లేనివాడు అడిగే ప్రశ్నకూ చాలా తేడా ఉంటుంది.

"ఏమైంది?" అని అడిగితే "ఏం లేదు సార్" అనే జవాబు రావడం సహజం. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఇవ్వాలంటే, తన జీవితాన్నంతా ఒక్క వాక్యంలో కుదించి, మార్కులు వేసే మనిషి చేతిలో పెట్టాలి. దానికి బదులు చిన్న, నిర్దిష్టమైన, సులువుగా జవాబివ్వగలిగిన ప్రశ్నలు అడగండి. "మూడో వారం నుంచి ఉదయం తరగతులకు రావడం కుదరడం లేదని చూశాను. ఆ సమయంలో ఎక్కడ ఉంటున్నావు?" "ఈ నెల ఖర్చులు ఎలా గడుస్తున్నాయి?" "రాత్రి ఎన్ని గంటలకు పడుకోగలుగుతున్నావు?" "ఇక్కడ నీకు ఏదైనా కష్టం వస్తే మొదట ఎవరికి చెబుతావు?" చివరి ప్రశ్న చాలా ముఖ్యమైనది. "ఎవరికీ చెప్పను" అనే జవాబు వస్తే మీరు ఊహించినదానికంటే పరిస్థితి లోతుగా ఉందని గ్రహించండి.

కలిసే చోటు గురించి కూడా ఆలోచించాలి. స్టాఫ్ రూములో నలుగురు సహోద్యోగుల మధ్య నిలబెట్టి అడిగిన ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. "వచ్చి నన్ను కలువు" అని మాత్రమే పంపిన సందేశం, ఏదో శిక్ష పడబోతోందన్న భయం పుట్టిస్తుంది; "నీ మీద ఫిర్యాదేమీ లేదు, ఎలా ఉన్నావో కనుక్కుందామని" అన్న ఒక్క వాక్యం కలిపి పంపండి. గది తలుపు కొద్దిగా తెరిచి ఉంచడం, మాటలు బయటికి వినిపించకుండా చూసుకోవడం, ఈ రెండూ కుదిరే చోటు వెతుక్కోండి. రహస్యం గురించి మొదటే స్పష్టంగా చెప్పండి: "నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. కానీ నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు." వేధింపులు, హింస వంటి విషయాల్లో పై అధికారులకు తెలియజేయాలన్న నియమం మీ సంస్థలో ఉంటే దాన్ని కూడా ముందే చెప్పాలి. అంతా విన్న తరవాత మధ్యలో మాట మార్చడం కంటే ద్రోహం ఇంకొకటి ఉండదు.

మొదటి సమావేశంలో నిజం బయటపడకపోతే నిరాశపడకండి. "సరే, వచ్చే మంగళవారం ఇదే సమయానికి పది నిమిషాలు కలుద్దాం" అని ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీన మీరు తప్పకుండా ఉండండి. మాట నిలబెట్టుకునే పెద్దమనిషి ఒకరున్నారన్న నమ్మకం కుదిరాకే చాలామంది విద్యార్థులు నోరు విప్పుతారు. నా అనుభవంలో అసలు విషయం రెండో సమావేశంలోనో మూడో దాంట్లోనో, అదీ లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగినప్పుడు, బయటికి వస్తుంది. ఆ సమయానికి మీకు వేరే పని పెట్టుకోకండి.

డబ్బు విషయాన్ని నేను కాస్త విస్తరించి చెబుతాను, ఎందుకంటే అధ్యాపకులు అడగడానికి అన్నిటికంటే వెనకాడేది దీని గురించే. డబ్బుకు కటకట పడుతున్న మనిషికి డబ్బుతో పాటు ఆలోచించే శక్తి కూడా తగ్గుతుంది. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చెరకు పండించే రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, తర్కానికీ ఏకాగ్రతకూ సంబంధించిన పరీక్షలు పెట్టారు. అవే మనుషులు డబ్బు లేని రోజుల్లో ఆ పరీక్షల్లో వెనకబడ్డారు. రేపటి ఫీజు గడువు తలలో తిరుగుతున్న విద్యార్థి తరగతిలో కూర్చున్నా పాఠం తలకెక్కకపోవడానికి సోమరితనమే కారణం కానక్కరలేదు. అలాంటివాడికి "ఇంకొంచెం శ్రద్ధ పెట్టు" అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ముందు తలలోని లెక్క తేలాలి.

ఆ లెక్కను అతనితో కలిసి కాగితం మీద వేయండి. ఈ సెమిస్టరు చివరిదాకా తప్పనిసరిగా కట్టవలసినవి ఏవి, వాటి గడువులు ఎప్పుడు, కచ్చితంగా చేతికి వచ్చేది ఎంత, వస్తుందని ఆశపడుతున్నది ఎంత, ఈ నాలుగూ విడిగా రాయించండి. చాలాసార్లు విద్యార్థి మనసులో కొండంతగా ఉన్న లోటు, కాగితం మీదికి వచ్చేసరికి ఒక వాయిదా అంతే ఉంటుంది. అమెరికాలోని అట్లాంటాలో ఉన్న జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం ఈ సంగతి గమనించింది. చదువులో ఇబ్బందేమీ లేకపోయినా కొద్దిపాటి బకాయి కట్టలేక పేరు తొలగింపబడుతున్న విద్యార్థులకు, వారు అడగకముందే బకాయి తీర్చే చిన్న గ్రాంటులను 2011లో మొదలుపెట్టింది. గ్రాంటు ఇచ్చేటప్పుడు డబ్బు లెక్కలు చూసుకోవడంపై సలహా తీసుకోవాలన్న షరతు కూడా పెట్టింది. పెద్ద స్కాలర్‌షిప్పుల కోసం ఏళ్ల తరబడి విరాళాలు పోగుచేసే సంస్థలు, చివరి మెట్టు మీద చిన్న మొత్తానికి జారిపోయేవారి గురించి అంతగా ఆలోచించవు.

లోటు ఎంతో తేలాక ఫీజుల కార్యాలయానికి అతనితో కలిసి మీరే వెళ్లండి. ఇది అతి చేయడమని మీ సహోద్యోగులు కొందరు అనవచ్చు. మీరు పక్కన నిలబడితే అదే గుమాస్తా అదే ప్రశ్నకు ఇచ్చే జవాబు మారుతుందన్నది ఎంత చేదు నిజమో, అంత ఉపయోగకరమైన నిజం. వాయిదాల్లో కట్టే అవకాశం ఉందా, అపరాధ రుసుము మాఫీ చేయగలరా, బకాయి ఉన్నంత మాత్రాన పరీక్షకు అనుమతి ఆగిపోతుందా, ఆగకుండా ఉండాలంటే ఎవరి సంతకం కావాలి, ఇవి అడగండి. జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఉంటే మీ గదిలోనే కూర్చోబెట్టి పూర్తిచేయించి, పంపినట్టు రసీదు చూసేదాకా వదలకండి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఒక ధృవపత్రం దగ్గరో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరాల తేడా దగ్గరో, గడువు ఆఖరి రోజు వెబ్‌సైటు తెరుచుకోకపోవడం దగ్గరో.

మీ జేబులోంచి అప్పు ఇవ్వవద్దు. ఇది కఠినంగా అనిపించవచ్చు కానీ, అప్పు తీసుకున్న విద్యార్థి అది తీర్చలేని నెలలో మీ ముఖం చూడలేక మిమ్మల్ని కూడా తప్పించుకు తిరుగుతాడు. అతనికి అన్నిటికంటే అవసరమైన ఆ ఒక్క బంధం తెగిపోతుంది. ఇవ్వాలనే ఉంటే విద్యార్థి సంక్షేమ నిధికి, మీ పేరు తెలియకుండా, తిరిగి అడగని సొమ్ముగా ఇవ్వండి. ఫోనులో నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌ల ఉచ్చులో అతను ఇప్పటికే పడ్డాడేమో మెల్లగా కనుక్కోండి. పడి ఉంటే, ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు చేయకుండా ఆపడం, బెదిరింపు కాల్స్ వస్తే వాటిని భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయించడం, వీలైతే ఇంట్లో ఒకరికైనా తెలియజేసేలా ఒప్పించడం తక్షణ అవసరాలు.

పార్ట్‌టైమ్ పని చేస్తున్నాడని తెలిస్తే వెంటనే మానేయమని అనకండి. మానేస్తే గడవనివాడికి ఆ సలహా వెక్కిరింతలా ఉంటుంది. పని గంటలు తగ్గించుకునే వీలుందా, రాత్రి పనిని వారాంతానికి మార్చుకోవచ్చా, కళాశాలలోనే గ్రంథాలయంలోనో ప్రయోగశాలలోనో చిన్న పని దొరుకుతుందా అని వెతకండి. పని గంటల మొత్తం ఎంత ముఖ్యమో, అవి ఏ వేళల్లో పడుతున్నాయన్నదీ అంతే ముఖ్యం.

మార్కుల సంగతి. తప్పిన రెండు సబ్జెక్టులకూ, పోయిన పాఠాలన్నిటికీ కలిపి ఒక భారీ టైమ్‌టేబుల్ వేసి ఇవ్వడం మంచి మనసుతో చేసే చెడ్డ సాయం. అది మూడో రోజుకే తప్పుతుంది, తప్పినప్పుడు ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది. ముందు లెక్క చూడండి: ఇప్పటిదాకా వచ్చిన మార్కులతో, మిగిలిన పరీక్షల్లో ఎన్ని వస్తే ఏ సబ్జెక్టు గట్టెక్కుతుంది? హాజరు నిబంధన దృష్ట్యా ఇంకా ఎన్ని తరగతులు తప్పనిసరి? కొన్ని సబ్జెక్టులు తరవాతి సెమిస్టరు పాఠాలకు పునాది, కొన్ని కావు. పునాది సబ్జెక్టుకు ఎక్కువ సమయం కేటాయించి, ఇంకో దాన్ని సప్లిమెంటరీకి వదిలేయడం కొన్నిసార్లు వివేకమే. ఈ మాట అధ్యాపకుడి నోట విన్నప్పుడు విద్యార్థి ముఖంలో కనిపించే ఉపశమనం అంతా ఇంతా కాదు, ఎందుకంటే అన్నీ ఒకేసారి గెలవాలి లేదా అన్నీ వదిలేయాలి అనే రెండు దారులే అతనికి అప్పటిదాకా కనిపిస్తుంటాయి.

ఆ తరవాత, అతను ఎలా చదువుతున్నాడో మీ ముందే ఒక అరగంట చదివించి చూడండి. ఎక్కువమంది చేసేది నోట్సును మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె చేసిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని కొందరు నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే చదివినవారిదే పైచేయి. వారం తరవాత పెడితే, మళ్లీ మళ్లీ చదివినవారికి దాదాపు 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. "రాత్రంతా చదివాను సార్, పరీక్షలో ఏదీ గుర్తురాలేదు" అనే విద్యార్థి అబద్ధమాడడం లేదని దీనివల్ల తెలుస్తుంది. పుస్తకం మూసి రాయడం, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేయడం, ఒకే విషయాన్ని రోజుల ఎడంతో తిరగేయడం, ఈ మూడూ అలవాటు చేయిస్తే సమయం తక్కువ ఉన్నవాడికి అదే పెద్ద ఆదా. సబ్జెక్టు చెప్పే అధ్యాపకుడి దగ్గరికి వెళ్లేటప్పుడు "అర్థం కాలేదు" అని కాకుండా, తను ఎక్కడిదాకా చేసి ఎక్కడ ఆగిపోయాడో చూపించే ఒక లెక్కో ఒక పేరానో పట్టుకువెళ్లమని చెప్పండి. అప్పుడు అధ్యాపకుడి స్పందన కూడా మారుతుంది.

ఇంట్లో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారికి వీటికి తోడు ఇంకో భారం ఉంటుంది. క్రెడిట్లు అంటే ఏమిటి, అధ్యాపకుడిని తరగతి బయట కలవవచ్చా, గడువు పొడిగించమని అడగడం తప్పా, ఇలాంటివి ఎవరూ చెప్పరు, అందరికీ తెలిసే ఉంటాయని అందరూ అనుకుంటారు. అటువంటి విద్యార్థి ఒక పరీక్ష తప్పితే "ఈ పరీక్ష కష్టంగా ఉంది" అనుకోడు. "నేను ఇక్కడికి రావలసినవాణ్ని కాదు" అనుకుంటాడు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే జరిగింది. కొత్తగా చేరిన విద్యార్థులకు, మొదట్లో ఇక్కడ ఇమడలేమని సీనియర్లకూ అనిపించిందనీ, కాలక్రమంలో ఆ భావన పోయిందనీ తెలిపే అనుభవాలు చదివించి, దాని గురించి వారిచేతనే ఒక వ్యాసం రాయించారు. అంతా కలిపి గంట పని. తరవాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లు మెరుగై, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న అంతరం సగానికి తగ్గింది. ప్రతిచోటా ఇంత ఫలితం వస్తుందని ఆశించకూడదు. అయినా, మొదటి ఏడాది తడబడి తరవాత నిలదొక్కుకున్న సీనియరును ఒకరిని మీ విద్యార్థికి పరిచయం చేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. టాపరును పరిచయం చేయకండి. టాపరును చూస్తే అతని అనుమానం ఇంకా బలపడుతుంది.

మానసిక ఆరోగ్యం విషయంలో మీ భయం నాకు అర్థమైంది, కానీ దానివల్ల వెనక్కి తగ్గకండి. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ల లోపే మొదలవుతాయని రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో తేల్చింది. అంటే కళాశాల వయసు వాటి మధ్యలోనే పడుతుంది. నిద్ర పూర్తిగా తారుమారు కావడం, స్నానం, దుస్తుల పట్ల అశ్రద్ధ, ఇష్టమైన ఆటనో స్నేహితులనో వదిలేయడం, తన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు కనిపిస్తే సూటిగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. ఈ భయం మీద వచ్చిన అధ్యయనాలను 2014లో పరిశీలించినప్పుడు, అడగడం వల్ల అటువంటి ఆలోచనలు పెరుగుతాయనడానికి ఆధారం దొరకలేదు. అడిగినందుకు చాలామంది తేలికపడతారు.

జవాబు "అవును" అయితే ఉపదేశం చేయకండి, తల్లిదండ్రుల కష్టాన్ని గుర్తుచేసి అపరాధ భావం పెంచకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. అతన్ని ఒంటరిగా వదలకుండా కౌన్సెలరు దగ్గరికో ఆసుపత్రికో మీరే తీసుకెళ్లండి. ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా హాస్టలు వార్డెనుతోనో గదిలోని స్నేహితుడితోనో చూసుకోమనండి. మీ ప్రాంతంలో పనిచేసే ఆత్మహత్యా నివారణ హెల్ప్‌లైన్ నంబరు, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగం నంబరు ఈ రోజే మీ ఫోనులో ఎక్కించుకోండి. అవసరం వచ్చిన గంటలో వెతుక్కోవడం కుదరదు. ఇంటికి తెలియజేయడం చాలా సందర్భాల్లో మంచిదే, కానీ కొందరికి ఆ ఇల్లే బాధకు మూలం. ఎవరికి చెప్పాలో విద్యార్థినే అడగండి. "అమ్మకు వద్దు సార్, మామయ్యకు చెప్పండి" అంటే దానికి ఒక కారణం ఉంటుంది. వైద్యం మొదలయ్యాక మీ పాత్ర తగ్గాలి. మీరు చికిత్స చేసేవారు కారు. అపాయింట్‌మెంటుకు వెళ్లాడా, మందులు దొరికాయా, పరీక్షల గడువు గురించి సంబంధిత అధ్యాపకులకు తెలుసా అని కనుక్కునే మనిషి.

మీ ఒక్కరి వల్ల ఎంత అవుతుందన్న ప్రశ్న కూడా మీ మాటల్లో వినిపించింది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన 'అసాప్' అనే కార్యక్రమంలో సలహాదారుకు అప్పగించే విద్యార్థుల సంఖ్యను బాగా తగ్గించి, తరచుగా కలిసి మాట్లాడడాన్ని తప్పనిసరి చేసి, ఫీజులో మిగిలిన లోటు, పాఠ్యపుస్తకాలు, బస్సు-మెట్రో ప్రయాణం కూడా భరించారు. లాటరీ పద్ధతిలో విద్యార్థులను ఎంపిక చేసి పోల్చినప్పుడు, మూడేళ్లలో పట్టా పొందినవారు కార్యక్రమంలో 40 శాతం, బయట 22 శాతం. ఒహాయో రాష్ట్రంలో మూడు కళాశాలలు ఇదే పద్ధతి పాటిస్తే అక్కడా పెద్ద తేడాయే వచ్చింది. ఏ ఒక్క అంశమో ఆ ఫలితం తెచ్చిందని చెప్పలేం. అన్నీ ఒకేసారి, ఒకే చోట, ఒకే మనిషి చేతుల మీదుగా అందడమే అందులో విశేషమని నేననుకుంటాను. మీ యాజమాన్యం మెంటరుకు వందమందిని అప్పగించి నెలకో సంతకం పెట్టించుకుంటుంటే, అది రికార్డు కోసం జరిగే మెంటరింగు మాత్రమే. ఆ మాట సమావేశంలో చెప్పడానికి వెనకాడకండి. అప్పటిదాకా, మీకు అప్పగించిన జాబితాలో హాజరు ఒక్కసారిగా పడిపోయిన ముగ్గురు నలుగురి మీదే సమయం ఎక్కువ పెట్టండి. అందరినీ సమానంగా చూడడమంటే అందరికీ సమానంగా సమయం ఇవ్వడం కాదు.

చివరిగా, మీరు అడగకపోయినా ఈ దారిలో ఎదురయ్యే ఒక సందర్భం ఉంది. ఎంత చేసినా ఈ సెమిస్టరు నిలబడదని తేలవచ్చు. ఇంట్లో రోగిని చూసుకోవలసి రావచ్చు, చికిత్సకు నెలలు పట్టవచ్చు, డబ్బు కూడదీసుకోవడానికి ఏడాది కావాలి అనవచ్చు. అప్పుడు విరామం తీసుకోవడాన్ని ఓటమిగా చూపించకండి. ఏ కాగితమూ లేకుండా మాయమైపోవడం మాత్రం అతని భవిష్యత్తుకు నిజంగా హాని చేస్తుంది, ఎందుకంటే అలా వెళ్లినవారికి తిరిగి చేరే హక్కు, అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు, స్కాలర్‌షిప్పు అర్హత, అన్నీ సందేహంలో పడతాయి. వెళ్లేముందు కూర్చోబెట్టి, అధికారికంగా విరామానికి దరఖాస్తు పెట్టించండి. తిరిగి చేరడానికి దరఖాస్తు గడువు ఏ తేదీ, విరామం వల్ల స్కాలర్‌షిప్పు ఆగుతుందా రద్దవుతుందా, విద్యా రుణం ఉంటే వాయిదాలు ఎప్పటి నుంచి మొదలవుతాయి, గ్రంథాలయం, హాస్టలు బకాయిలు ఎంత, అసలు ధృవపత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఒక ప్రతి అతనికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గడువు తేదీకి నెల ముందు మీరే ఫోను చేస్తానని చెప్పి, ఆ తేదీని అతని ముందే మీ క్యాలెండరులో రాసుకోండి. అతను తిరిగి చేరే సమయానికి మీరు వేరే కళాశాలకు మారితే, ఆ పేజీని తీసుకోవలసిన సహోద్యోగి ఎవరో కూడా ఇప్పుడే నిర్ణయించి, ఆయన ఫోను నంబరును ఆ పేజీ అడుగున రాయండి.